గల్లగురిగికి నెల లెక్క లేదు

పొదుపు గురించి తెలుగులో వెలువడే సలహాలలో చాలా భాగం నెలనెలా జీతం అందుకునేవారిని దృష్టిలో పెట్టుకొని రాసినవే కావడంతో, ఒకటో తేదీ అంటూ లేని పదిహేనేళ్ల పిల్లకో పిల్లవాడికో వాటిలో ఆచరణకు పనికివచ్చే మాట అరుదుగా కనిపిస్తుంది. రాబడిలో ఇంత శాతం పక్కన పెట్టాలనీ, నెలకు ఇంత చొప్పున కట్టాలనీ చెప్పే ఆ సూత్రాలన్నీ డబ్బు క్రమం తప్పకుండా వస్తుందనే నమ్మకం మీద నిలబడినవి. ఆ నమ్మకానికి ఆధారం లేనిచోట వాటిని పాటించలేకపోతే, అది పిల్లల దుబారాగా పెద్దల లెక్కలోకి ఎక్కుతుంది. క్రమాదాయం అంటే ఫలానా రోజున ఫలానా మొత్తం చేతికి వస్తుందని ముందే తెలిసిన రాబడి. నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలో అటువంటి రాబడి పిల్లలకే కాదు, చాలామంది పెద్దలకూ లేదు.

మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో ఇక్కడ చెరకు విస్తరించి, 1937లో బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసిన తరువాత, ఈ పట్టణంలో రెండు రకాల రాబడులు పక్కపక్కనే సాగాయి. కార్మికుడికి నెల జీతం. చెరకు వేసిన రైతుకు ఏడాదంతా ఎదురుచూపు, గానుగ కాలంలో బిల్లు. చెరకు తోలిన 14 రోజులలో డబ్బు చెల్లించాలనీ, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలనీ 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది గాని, ఆ గడువు కాగితం మీద ఉన్నంత గట్టిగా రైతు చేతిలో ఎన్నడూ నిలవలేదు. 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే-ఆఫ్‌తో మూతపడడంతో కార్మికుల ఇళ్లలో ఆ ఒకటో తేదీ కూడా పోయింది. బీడీలు చేసే మహిళలకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది, అదీ కార్ఖానా ఆకు, తంబాకు ఇచ్చిన రోజులకే. గల్ఫ్‌కు వెళ్లిన తండ్రి పంపే డబ్బు అక్కడి కంపెనీ జీతం ఎప్పుడు వేస్తే అప్పుడే ఇల్లు చేరుతుంది. కాబట్టి సంపాదన లేని పిల్లల పొదుపు అనేది ఇక్కడ ఒక ప్రత్యేక సమస్య కాదు. ఈ నేల మీది గృహ ఆర్థికానికి అది చిన్న అచ్చు మాత్రమే.

అయితే సంపాదన లేదన్నంత మాత్రాన పిల్లల చేతికి పైసలు రావని కాదు. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కినప్పుడు పెద్దలు ఇచ్చే నోటు, రంజాన్‌కు అందే ఈదీ, ఊరికి వచ్చిన మేనమామ వెళ్తూ వెళ్తూ జేబులో పెట్టేది, పెళ్లిళ్ల కాలంలో ఇంటర్ పిల్లలు క్యాటరింగ్‌కు వెళ్తే దొరికే కూలి, ఇవన్నీ రాబడులే. (బీడీల పని ఈ జాబితాలో చేరకూడదు, పద్నాలుగేళ్లు నిండని పిల్లలను ఆ పనిలో పెట్టుకోవడాన్ని 1986 నాటి బాలకార్మిక చట్టమే నిషేధించింది.) వీటికన్నా పెద్దది ఉపకారవేతనం. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ తొమ్మిది, పది తరగతులలో ఏడాదికి 2,000 రూపాయలు, ఇంటర్‌లో 3,000 రూపాయలు ఇస్తుంది. ఎనిమిదో తరగతిలో జాతీయ ప్రతిభా ఉపకారవేతన పరీక్ష నెగ్గిన పేద విద్యార్థికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 రూపాయలు అందుతాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేకపోవడం వల్ల, చదువు కోసం నిజామాబాద్ వెళ్లివచ్చే అమ్మాయి ఇంట్లో మిగిలే చార్జీని కూడా రాబడిగానే చూడవచ్చు, దాన్ని ఎవరూ ఆమె పేరున లెక్క కట్టకపోయినా.

ఈ రాబడుల స్వభావం గమనిస్తే పొదుపుకు పనికివచ్చే ప్రమాణం నెల కాదనీ, రాక అనీ తెలుస్తుంది. అంటే డబ్బు వచ్చిన ప్రతిసారీ, అది ఎంతైనా సరే, నోటు చిల్లర కాకముందే అందులో నిర్ణయించుకున్న భాగం తీసి పక్కన పెట్టడం, రాని నెలలలో ఏమీ పెట్టకపోవడాన్ని తప్పుగా ఎంచకపోవడం. పదో తరగతి చదివే ఒక విద్యార్థికి ఏడాదిలో ఉపకారవేతనం 2,000, పండుగలకు 800, వేసవిలో మూడు పెళ్లిళ్ల పనికి 1,200 వచ్చాయనుకుంటే మొత్తం 4,000 అవుతుంది. అందులో సగం నిలిచినా 2,000. ఈ మొత్తం చిన్నదేమీ కాదు. పదో తరగతి తరువాత రాసే పాలిసెట్‌కు దరఖాస్తు రుసుము సాధారణ విద్యార్థులకు 500, ఇంటర్ తరువాతి ఈఏపీసెట్‌కు 900 రూపాయలు ఉన్నాయి. తల్లి బీడీల కూలి ఇంకా అందని వారంలో ఆఖరు తేదీ వస్తే ఇల్లు చేబదులుకు పరుగెత్తేది సరిగ్గా ఇంతటి మొత్తాల కోసమే.

వచ్చిన డబ్బు ఎక్కడ దాచాలన్నది రెండో ప్రశ్న, మొదటిదానికన్నా చిక్కైనది. కుమ్మరి చేసిన గల్లగురిగికి నాణెం పట్టేంత చీలిక తప్ప మరో నోరు ఉండదు. పగలగొట్టనిదే పైసలు బయటికి రావు గనుక, తీయడానికి మనసు లాగిన ప్రతిసారీ ఆ మట్టి గోడ అడ్డం నిలుస్తుంది. వడ్డీ లేకపోయినా అడ్డు ఉండడమే దాని విలువ. ఈ అడ్డుకు పేదలు ధర కూడా చెల్లిస్తారని స్టువర్ట్ రూథర్‌ఫర్డ్ 2000లో వెలువరించిన ‘ది పూర్ అండ్ దెయిర్ మనీ’ అనే పుస్తకం విజయవాడ మురికివాడల ఉదాహరణతో చూపింది. అక్కడ ఇంటింటికీ తిరిగి డబ్బు కూడబెట్టే ఒక మహిళ 220 గళ్లున్న అట్ట ఇచ్చి, గడికి ఐదు రూపాయల చొప్పున రోజూ వసూలు చేసి, అన్నీ నిండాక 1,100లో వంద తన కష్టానికి ఉంచుకొని వెయ్యి తిరిగి ఇచ్చేది. లెక్క వేస్తే దాచుకున్నవారే ఏడాదికి దాదాపు 30 శాతం వడ్డీ ఎదురు కట్టినట్టు. అయినా బడి ఫీజుల వేళకు చేతిలో వెయ్యి ఉండడం వారికి ముఖ్యమైంది. దీన్ని తెలివితక్కువతనం అనేవారు, ఇంట్లో దాచిన డబ్బు ఎన్ని చేతుల గుండా పోతుందో చూడనివారే.

ఆ చేతులలో మొదటిది తల్లిదే అయి ఉండవచ్చు. పిల్లల డబ్బు ఇంటి అవసరానికి తీయడం నేరం కాదు. మందులకో బియ్యానికో తీసినప్పుడు దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాని తీసింది అప్పుగా రాసుకోకపోవడం వల్ల పిల్లలు నేర్చుకునేది పొదుపు కాదు, దాచినా దక్కదన్న అనుభవం. ఆ అనుభవమున్న పిల్లవాడు వచ్చిన నోటును అదే సాయంత్రం మిర్చీబజ్జీకో ఫోన్ రీచార్జికో మార్చేయడంలో వింత లేదు, ఒక విధంగా అది వివేకమే.

అధికారిక మార్గాలలో అందరూ మొదట సూచించేది పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్, అంటే నెలకు కనీసం వంద రూపాయల చొప్పున ఐదేళ్లు కట్టే ఖాతా. ఒక నెల తప్పితే వందకు రూపాయి జరిమానా, నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా నిలిచిపోవడం, ఆపై రెండు నెలలలో పునరుద్ధరించుకోవలసి రావడం దాని నియమాలు. క్రమాదాయం లేని పిల్లలకు ఇది తగదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. చిట్టీ అయితే మరీ తగదు, అక్కడ తప్పిన వాయిదా ఇతరుల డబ్బుకు ఎసరు పెడుతుంది. తగినది సాదా పొదుపు ఖాతా. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014 మే నెలలోనే వీలు కల్పించి, 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనలను సవరిస్తూ మళ్లీ స్పష్టం చేసింది; పోస్టాఫీసులోనూ పదేళ్లకే ఖాతా తెరవవచ్చు, 500 రూపాయలు నిల్వ ఉండాలి, వడ్డీ 4 శాతం. భారతీయ స్టేట్ బ్యాంకు పొదుపు ఖాతాలకు కనీస నిల్వ షరతును 2020 మార్చిలో ఎత్తివేసింది.

అడ్డు ఎంత గట్టిగా ఉండాలన్న విషయంలో ఉగాండాలో 136 ప్రాథమిక పాఠశాలలలో జరిగిన అధ్యయనం ఆలోచింపజేస్తుంది. పిల్లలు బడిలోని తాళం పెట్టెలో దాచుకున్న డబ్బును ఆఖరున కొన్ని బడులలో నగదుగానూ, మరికొన్నింటిలో చదువు సామగ్రికే చెల్లే చీటీగానూ తిరిగి ఇచ్చారు. ఎక్కువ డబ్బు పోగైంది నగదు ఇచ్చిన బడులలోనే. తన డబ్బు తనదే అన్న నమ్మకం లేనిచోట పిల్లలు దాచరని దీని అర్థం. మన బడులలో ఒకప్పుడు ‘సంచయిక’ పేరుతో విద్యార్థులే లెక్కలు రాసి, ఉపాధ్యాయుడి పర్యవేక్షణలో నడిపిన పొదుపు బ్యాంకులు ఇదే పని చేసేవి. వాటిని చేజేతులా పోగొట్టుకోవడం చిన్న తప్పు కాదు.

బోధన్‌లోని ప్రధానోపాధ్యాయులు కొత్త పథకం కోసం ఎదురుచూడనవసరం లేదు. జూన్‌లో బడి తెరిచిన వారంలో పోస్టుమాస్టరును ఒక పూట బడికి పిలిపించి, ఎనిమిదో తరగతి నుంచి ప్రతి విద్యార్థి పేరున, ఆ విద్యార్థి సంతకంతోనే ఒక పొదుపు ఖాతా తెరిపించి, పాస్‌బుక్కు పిల్లల చేతికే ఇవ్వాలి; తల్లిదండ్రులు అందులోంచి తీసుకున్న ప్రతి రూపాయినీ అప్పుగా రాసి తీర్చాలి.