రెండు ముక్కల రాతతో వచ్చే చిక్కు

సంపాదకులకు,

రోగాల కోడింగ్ అంటే బిల్లుల కోసం గుమాస్తాలు చేసే పని అని గత సంచికలో మీ వ్యాసకర్త తేల్చేశారు. పందొమ్మిదేళ్లుగా ఆ గుమాస్తాగిరీ వెలగబెడుతున్నదాన్ని కనుక నాలుగు మాటలు.

కాలేయ కణాల్లో పుట్టిన క్యాన్సర్‌కు రోగాల అంతర్జాతీయ వర్గీకరణ ఐసీడీ-10లో కోడ్ సి22.0. కాలేయం లోపలి పిత్తనాళాల్లో పుడితే సి22.1. పెద్దపేగులో పుట్టి కాలేయానికి పాకిందా, అది కాలేయ క్యాన్సరే కాదు, సి78.7 వేసి, పేగు కోడ్ విడిగా వేయాలి. వైద్యమూ వేరే. డిశ్చార్జి సమ్మరీలో డాక్టరుగారు 'సీఏ లివర్' (కాలేయ క్యాన్సర్) అని రెండు ముక్కలు గీకి వెళ్లిపోతే మాకు మిగిలేది సి22.9, ఎటూ తేల్చని అంకె. ఓసారి అలాంటి కేసు షీటు పట్టుకుని మూడంతస్తులు ఎక్కాను. "స్కాన్ రిపోర్టు ఉందిగా, చూసుకోమ్మా" అన్నారాయన. చూడగలను. రోగం పేరు పెట్టే అధికారం నాకు లేదు, ఉండకూడదు కూడా.

బయాప్సీ లేని కోడ్ బూటకమని కూడా మీ వ్యాసకర్త అన్నారు. సిర్రోసిస్ రోగికి కాంట్రాస్ట్ సీటీలో గడ్డ ధమని దశలో మెరిసి, తర్వాతి దశలో వెలిసిపోతే, ముక్క తీయకుండానే కాలేయ కణాల క్యాన్సరని నిర్ధారించవచ్చు. ఆ మాట డాక్టరు రాయాలి, అంతే.

బిల్లు కోసం కోడ్ సాగదీసేవాళ్లు లేరనను. అక్కడ మీ వ్యాసకర్తతో పేచీ లేదు. కానీ దీర్ఘకాలిక హెపటైటిస్-బికి బి18.1 వేయడం మరిస్తే, కాలేయ క్యాన్సర్‌కు టీకాతో ఆపగలిగిన కారణం లెక్కల్లోంచే మాయమవుతుంది.

— ఒక మెడికల్ కోడర్, హైదరాబాద్