రందికి ‘సహజ’ మందు

రంది పడితే మనిషి లోపలినుంచి తినబడతాడని మన పల్లెల్లో ఎప్పటినుంచో తెలుసు. రాత్రి నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, ఏదో కీడు జరగబోతుందన్న బుగులు వదలదు. దీన్ని జబ్బుగా చూసి దవాఖానకు పోవడం కొత్త అలవాటు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండని నలుగురూ అంటారేమోనన్న భయం మాత్రం పాతది. ఈ రెంటి నడుమ ఖాళీలో ఇప్పుడొక సరుకు వచ్చి కూర్చుంది. మోర్తాడ్ నుంచి ఆర్మూర్, నిజామాబాద్, బోధన్ దాకా మెడికల్ షాపుల అద్దాల వెనక అశ్వగంధ క్యాప్సూళ్లు, మెగ్నీషియం గోలీలు, ‘నరాల బలానికి’ బీ కాంప్లెక్సు, పసుపు సారం డబ్బాలు వరసగా కనిపిస్తాయి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చెప్పే మాట ఒక్కటే: ‘ఇది నాచురల్, ఏం కాదు.’ చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట దగ్గర ఆగిపోతారు. కానీ ‘సహజం’ అన్న మాట ఒక వస్తువు ఎక్కడ పుట్టిందో చెబుతుంది, అంతే. ఒంట్లోకి పోయాక ఏం చేస్తుంది, ఎంత మోతాదులో చేస్తుంది, ఎవరికి పడదు అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. ఆ ప్రశ్నలు నోటిదాకా రాకుండా ఆపడానికే ఆ మాట ఎక్కువగా పనికొస్తోందన్నది నా అభియోగం.

ఈ సంగతి తెలుసుకోవడానికి మన నిజామాబాద్ జిల్లావాళ్లు ఎక్కడికో పోనక్కరలేదు, కల్లు దుకాణం చాలు. ఈతచెట్టు నుంచో తాటిచెట్టు నుంచో గీసిన కల్లును మించి సహజమైనది ఏముంటుంది? పొద్దంతా పొలంలో నడుం వంచినవాళ్లు, చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుట్టినవాళ్లు మాపటికి ఒక సీసా తాగితే రంది మరిచి పండుకుంటారన్నది తరాల నమ్మకం. చెట్లు తగ్గి గిరాకీ పెరిగాక సీసాలో చెట్టు వాటా తగ్గుతూ వచ్చింది. నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకు మొదట క్లోరల్ హైడ్రేట్, తరవాత డైజోఫాం, ఆ తరవాత అల్ప్రాజోలం వచ్చి చేరాయి. డైజోఫాం అని జనం పిలిచే డైజిపాం గానీ, అల్ప్రాజోలం గానీ గాబరా తగ్గించడానికి డాక్టర్లు చీటీ మీద రాసే మందులే. అంటే ఇంగ్లిష్ మందు అలవాటవుతుందని భయపడి కల్లు దగ్గరికి పోయినవాడు ఆ ఇంగ్లిష్ మందునే తాగాడు, చీటీ లేకుండా, కొలత లేకుండా. 2015 సెప్టెంబరులో ఆబ్కారీ శాఖ కల్తీ మీద విరుచుకుపడి మత్తుమందు సరఫరాను తెంచినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల సర్కారు దవాఖానలకు జనం బారులు తీరారు. చేతులు వణకడం, రాత్రంతా మెలకువ, లేనివి కనిపించడం, ఫిట్స్. అవి మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే లక్షణాలు. ఆ పాఠం అప్పటితో ముగియలేదు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నసురుల్లాబాద్, బీర్కూర్ మండలాల పల్లెల్లో కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో దవాఖాన పాలయ్యారు. అదే ఏడు జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో ప్రాణాలే పోయాయి.

కల్తీ సంగతి పేపర్లలో చాలాసార్లు చదివాం. దాని వెనకున్న ఇంకో సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మత్తు దిగిపోతున్నప్పుడు పుట్టే దడను తాగేవాడు తన సొంత రందే అనుకుంటాడు. సీసా లోపల పడగానే దడ తగ్గుతుంది. కాబట్టి కల్లే తనకు మందని తీర్పు ఇచ్చుకుంటాడు. ‘తాగితే తగ్గింది’ అన్నది వాడి విషయంలో అక్షరాలా నిజం, దాని మీద కట్టుకున్న తీర్పే తప్పు, ఎందుకంటే ఆ దడను పుట్టించింది నిన్నటి సీసా. క్యాప్సూళ్ల విషయంలో ఇంత దారుణం జరగకపోవచ్చు. అయినా ‘నేను వాడాను, నాకు తగ్గింది’ అన్న సాక్ష్యానికి ఉన్న బలహీనత అక్కడా ఇక్కడా ఒకటే. గాబరా ఎక్కీ దిగీ పోయే గుణమున్న బాధ. మనిషి మందు కోసం పరుగెత్తేది అది నెత్తికెక్కినప్పుడు. నెత్తికెక్కింది ఎలాగూ కొంత దిగుతుంది. ఆ దిగడం ఏ డబ్బా వాడుతున్నప్పుడు జరిగితే ఆ డబ్బాకు పేరొస్తుంది. అందుకే సగంమందికి అసలు మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త గోలీ ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియకుండా చూసే పరీక్ష అవసరమైంది.

‘కల్లులో తప్పు కల్తీది, చెట్టుది కాదు కదా’ అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన మాటే. అయితే సీసా లోపల ఏముందో తాగేవాడికి కనబడనట్టే క్యాప్సూల్ లోపల ఏముందో మింగేవాడికీ కనబడదు. ఈ డబ్బాల్లో చాలావాటిని మన చట్టం మందులుగా లెక్కగట్టదు. అవి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కింద పోషకాహారాలుగా అంగడికి వస్తాయి. ఫలానా జబ్బును తగ్గిస్తుందని రోగుల మీద పరీక్షించి రుజువు చేయాల్సిన బాధ్యత వాటికి లేదు. ఆయుర్వేద మందుగా లైసెన్సు పొందినవాటి దారి వేరు. అక్కడ కూడా పాత గ్రంథాల్లో చెప్పిన పాకాన్ని అదే వాడకానికి తయారుచేస్తే కొత్తగా రోగుల మీద పరీక్షలు చూపనక్కరలేదు. అల్ప్రాజోలం గోలీ మీద అనుమానం వస్తే ప్రశ్నించడానికి పరీక్షల కాగితాలు ఉన్నాయి. ఈ డబ్బాలను ప్రశ్నించబోతే ఎదురుగా నిలబడేది ‘సహజం’ అన్న ఒక్క మాటే.

సరే, పరీక్షలు జరిగినవాటినే చూద్దాం. అశ్వగంధ, అంటే మన పెన్నేరుగడ్డ, ఈ కోవలో అన్నిటికంటే బలమైన సాక్షి. దాని మీద తరచూ ఉదహరించే పరీక్ష మన హైదరాబాద్‌లోనే జరిగి 2012లో అచ్చయింది. అరవై నలుగురు మనుషులు, రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల వేరు సారం, అరవై రోజులు. అశ్వగంధ తీసుకున్నవారి ఒత్తిడి స్కోరు 44 శాతం తగ్గిందనీ, ఉత్త గోలీ తీసుకున్నవారికి 5.5 శాతమే తగ్గిందనీ ఫలితం. దీన్ని కొట్టిపారేయను. ఆ తరవాత మరికొన్ని చిన్న పరీక్షలు కూడా అనుకూలంగానే వచ్చాయి. కానీ గాబరా మీద జరిగే పరీక్షల్లో ఉత్త గోలీ కూడా సాధారణంగా చెప్పుకోదగ్గ మేలు చేస్తుంది. అది దాదాపు ఏమీ చేయని చోట, అరవై నలుగురిలో అంత పెద్ద తేడా కనిపిస్తే సంతోషించే ముందు ఇంకో పెద్ద పరీక్ష కోరడం బుద్ధిమంతుల పని. రెండు నెలల పరీక్షను చూపి రెండేళ్లు మింగించడం అసలే కుదరదు. అశ్వగంధ సారం వాడినవారిలో కామెర్లు వచ్చి కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అది థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. గర్భిణులకు వద్దంటారు. డెన్మార్క్ 2023లో దాన్ని ఆహార పదార్థాల్లో నిషేధించింది. నిషేధం అతి అనుకున్నా సరే, ‘ఏం కాదు’ అన్న మాట మాత్రం నిలవదు.

విటమిన్ల విషయంలో జరుగుతున్న తప్పు ఇంకాస్త సున్నితమైంది. లోపం ఉన్నవాడికి విటమిన్ మందే, లోపం లేనివాడికి అది ఖర్చు. రక్తం తక్కువైతే గుండె దడ, ఆయాసం, నీరసం వస్తాయి, అవి చూడటానికి గాబరాలాగే ఉంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు వణికి గుండె పరుగెడుతుంది. బీ12 లోపం తిమ్మిరితో పాటు మనసునూ కుంగదీస్తుంది. ఈ మూడూ మామూలు రక్తపరీక్షల్లో తేలేవే. పరీక్ష చేయించకుండా ‘నాచురల్’ డబ్బా కొన్న మనిషి తన అసలు జబ్బును ఇంకో ఆరు నెలలు దాచిపెట్టుకున్నట్టే. ఇక లోపం లేనివారి సంగతి. అమెరికాలో యాభై ఏళ్లు దాటిన 18,353 మందికి అయిదేళ్లకు పైగా విటమిన్ డీ గానీ ఉత్త గోలీ గానీ ఇచ్చి చూశారు. కుంగుబాటు రావడంలో ఏ తేడా లేదని 2020లో తేలింది. అది గాబరా కాదు, కుంగుబాటు అంటారా? ఒప్పుకుంటాను, అయితే రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం 478 మంది యువతీయువకుల మీద చేసి 2022లో ప్రకటించిన పరీక్షలో రోజుకు వంద మిల్లీగ్రాముల బీ6 గాబరాను కాస్త తగ్గించింది. రోజుకు మనిషికి కావలసింది రెండు మూడు మిల్లీగ్రాములు. పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే బీ6 నరాలను దెబ్బతీసి అరికాళ్లు మొద్దుబారేలా చేస్తుందని వైద్యులకు ఎప్పుడో తెలుసు. నరాల బలానికని కొన్న గోలీ చేసే పని అది.

పసుపు గురించి మాట్లాడకుండా ఈ జిల్లాలో ఈ వాదం పూర్తికాదు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. మన రైతుకు అది మేలు చేయాలనే అందరి కోరిక. కానీ పంట మీద ప్రేమతో దానికి లేని గుణాలు అంటగట్టలేం. పసుపులోని కర్కుమిన్ మీద అప్పటిదాకా జరిగిన నూట ఇరవైకి పైగా పరీక్షలను 2017లో రసాయన శాస్త్రవేత్తలు సమీక్షించి, పకడ్బందీగా నడిపిన వాటిలో ఒక్కటీ గెలవలేదని తేల్చారు. కర్కుమిన్ పేగుల్లోంచి నెత్తురులోకి సరిగా ఎక్కదు. ఎక్కించడానికి కంపెనీలు మిరియాల్లోని పిపరిన్‌ను కలుపుతున్నాయి. అమెరికాలో పసుపు సారం వల్ల కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలను వైద్యులు ప్రచురించారు, అందులో ఒకరు చనిపోయారు. కూరలో చిటికెడు పసుపుకు ఈ భయం వర్తించదు. కూరను చూపి క్యాప్సూల్‌ను అమ్మడమే మోసం.

వేల ఏళ్ల అనుభవం ముందు నిన్నటి పరీక్షలెంత అనేవాళ్లకు సర్పగంధి కథ చెప్పాలి. ఆ వేరును మన వైద్యులు ఉన్మాదానికి తరతరాలుగా వాడారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాని గుణాన్ని కాగితం మీద పెట్టారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద దాని ఫలితాలను బ్రిటిష్ గుండెవైద్య పత్రికలో ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులో దానినుంచి రెసర్పిన్‌ను విడదీశారు. ప్రపంచమంతా వాడింది. కొలిచి వాడారు గనుకనే దాని కీడు కూడా బయటపడింది: కొందరు రోగులు తీవ్రమైన కుంగుబాటులో పడ్డారు. మన వేరుకు గౌరవం వచ్చింది దాన్ని పరీక్షకు నిలబెట్టినందువల్ల. అదే పరీక్షను పెన్నేరుగడ్డకు కోరితే సంప్రదాయ ద్రోహం ఎలా అవుతుంది?

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ ఇంకొకటి. ఇంగ్లిష్ మందులు నిజంగానే అలవాటవుతాయి కదా, మన పక్కన మానసిక వైద్యుడు లేడు కదా అంటారు. అల్ప్రాజోలం విషయంలో అది ముమ్మాటికీ నిజం. ఆర్‌ఎంపీలు దాన్ని నిద్రగోలీగా పంచిపెట్టడం మీద నాకున్న కోపం క్యాప్సూళ్ల మీద ఉన్నదానికి తక్కువేం కాదు. కానీ గాబరా జబ్బుకు డాక్టర్లు దీర్ఘకాలం వాడమనే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి ఆ జాతి కావు. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, మత్తెక్కించవు, మోతాదు పెంచుకుంటూ పోవాలన్న యావ పుట్టించవు. ఆపేటప్పుడు మాత్రం మెల్లమెల్లగా తగ్గించాలి. వాటికీ దుష్ఫలితాలున్నాయి, అవి మందుతో వచ్చే కాగితంలో అచ్చయి ఉంటాయి. మందు లేకుండా ఆలోచనల తీరును సరిచేసే మాటల చికిత్సకు కూడా గట్టి రుజువులున్నాయి. వైద్యుల కొరత సంగతికొస్తే, 2015-16లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేనేలేదు. ఇది సర్కారును నిలదీయాల్సిన లెక్క. ఆ లోటును డబ్బాలతో పూడ్చుకుంటే నిలదీసే గొంతే పోతుంది.

మన రంది గాలిలోంచి రాలేదు. అప్పు చేసి దుబాయికో సౌదీకో పోయిన కొడుకు జీతం ఆగితే అది ఇంట్లో తల్లికి రంది. తొమ్మిది నెలలు పెంచిన పసుపుకు మార్కెట్‌లో ధర పడిపోతే అది రైతుకు రంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో నిలబడ్డ 185 మందిలో 178 మంది రైతులే కావడం ఆ రంది ఎంత లోతుదో చూపింది. 2015 డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డప్పుడు కార్మికులకూ చెరకు రైతులకూ పట్టుకున్న భయానికి ఏ వేరులోనూ మందు లేదు. కారణం బయట ఉన్నప్పుడు దాన్ని బయటే పట్టాలి. కారణం తీరినా దడ తగ్గకపోతే, వారాల తరబడి పని, తిండి, నిద్ర చెడితే అది జబ్బు. అప్పుడు డాక్టరు కావాలి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే సర్కారు వారి టెలీ మానస్ సేవలో తెలుగులోనే, పైసా లేకుండా మాట్లాడొచ్చు. ఇప్పటికే డబ్బా కొన్నవాళ్లు థైరాయిడ్, షుగరు, బీపీ, నిద్ర గోలీల్లో ఏది వాడుతున్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. కొనబోయేవాళ్లు డబ్బాను ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. పోషకాహారంగా అమ్మే ప్రతి డబ్బా మీదా ‘ఔషధంగా వాడేందుకు కాదు’ అన్న అర్థం వచ్చే మాట ఉండి తీరాలని మన నిబంధన.