దారి ముచ్చట్లు: తళి నుండి ప్రళయకావేరికి

మన ఇళ్ళలో భార్యాభర్తలు కలిసి బండి ఎక్కడం అపురూపమేమీ కాదు. పెళ్ళికి ఎక్కుతాము, పరామర్శకు ఎక్కుతాము, తిరుపతి మొక్కుకు ఎక్కుతాము, ఒంట్లో బాగులేకపోతే బెంగుళూరు ఆసుపత్రికి ఎక్కుతాము. ఏ పనీ లేకుండా, నాలుగు చోట్లు చూద్దామని ఇద్దరూ బయలుదేరడం మాత్రం అపురూపమే. "ఈ వయసులో షికారేమిటి?" అని ఇతరులు అనకముందే మనమే అనుకుంటాము. ఈ సారి సంక్రాంతి వెళ్ళిన వారానికి మేమిద్దరమూ ఆ మాట పక్కన పెట్టి, కారులో అయిదు రోజులు సముద్రపుటొడ్డున తిరిగి వచ్చాము. వెళ్ళదలచిన వారికి పనికివస్తుందని ఆ సంగతులు ఇక్కడ రాస్తున్నాము.

తళి వాళ్ళకు సముద్రం దూరపు చుట్టం. మన ఊరు దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్నది. ఈ చల్లదనం చూసే దొరలు దీనికి చిన్న ఇంగ్లండని పేరు పెట్టారు. అయినా మన నీళ్ళకు సముద్రంతో చుట్టరికం ఎన్నడూ తెగలేదు. నందికొండల ప్రాంతంలో రెండు నదులు పుడుతున్నవి. దక్షిణ పినాకిని మన హొసూరు పక్కగా వచ్చి, కృష్ణగిరి ఆనకట్ట దాటి, కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, అనంతపురం, కడప సీమల మీదుగా పోయి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. ఒక పుట్టింటి ఆడపడుచులు, చెరొక సీమకు కోడళ్ళయినారు. చెల్లెలి ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్ళము గనుక, అక్క చేరిన తీరం చూడాలని మాకు చాలాకాలంగా కోరిక.

తెల్లవారుజామున రాగిరొట్టెలు, పెరుగన్నం, ఒక సీసాడు ఊరగాయ కట్టుకుని బయలుదేరాము. అనపకాయల కాలం గనుక పితికిపప్పు కూర కూడా చిన్న గిన్నెలో వచ్చింది. హొసూరు, కృష్ణగిరి, వాణియంబాడి, వేలూరు, కంచి మీదుగా మహాబలిపురం చేరడానికి 300 కిలోమీటర్ల పైచిలుకు. రహదారి వెడల్పయినది, చింత లేదు. మహాబలిపురం గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు. ఎనిమిదవ శతాబ్దపు పల్లవుల గుడి ఒడ్డున అట్లాగే నిలిచి ఉన్నది. పొద్దుగూకే వేళ ఇసుకలో కూర్చుని, తెచ్చుకున్న పెరుగన్నం తిని, ఆ రాత్రి అక్కడే ఉండిపోయాము.

మరునాడు చెన్నపట్నం దాటి, పొన్నేరి మీదుగా పళవేర్కాడు వెళ్ళాము. చెన్నపట్నానికి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్లు. దొరలు పులికాట్ అన్న ఊరు ఇదే. 1613లో డచ్చివారు ఇక్కడ గెల్డ్రియా అనే కోట కట్టి, కోరమండల తీరపు రంగు బట్టలు ఓడలకెత్తి దేశదేశాలకు పంపారు. మెక్సికో దేశంలో మెడకు చుట్టుకునే రుమాలును నేటికీ పాలియకాతే అంటారు. అది ఈ ఊరి పేరే! కోట ఇప్పుడు ముళ్ళపొదల నడుమ మట్టిదిబ్బ. వారి శ్మశానం మాత్రం నిలిచి ఉన్నది. వాకిట్లోనే రాతిలో చెక్కిన అస్థిపంజరాలు మనలను పలకరిస్తాయి. మాలో ఒకరు లోపలికి వెళ్ళి రాళ్ళ మీది రాతలు చూసి వచ్చారు. మరొకరు బయట వేపచెట్టు కింద నిలబడి, "చచ్చిన వాళ్ళను చూడటానికా ఇంత దూరం వచ్చింది, పదండి" అన్నారు.

ఇక అసలు సంగతి సరస్సు. తెలుగువారు దీనిని ప్రళయకావేరి అని పిలుచుకున్నారు. స.వెం.రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివిన వారికి ఈ ఒడ్డు పల్లెల మాట తీరు, తిండి తీరు కొత్త కాదు. మన దేశంలోని ఉప్పునీటి కయ్యలలో ఒరిస్సాలోని చిలకా తరువాత పెద్దది ఇదే. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడ లాగా ఉన్నది. ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నదుల మంచినీళ్ళు ఒక వైపు నుండి, సముద్రపు పోటునీళ్ళు ముఖద్వారాల గుండా మరొక వైపు నుండి వచ్చి కలుస్తాయి. ఆ కలయిక వల్లనే రొయ్యలు, చేపలు ఇక్కడ పెరుగుతాయి. వాటి కోసమే పక్షులు వస్తాయి, మనుషులు కూడా.

సూళ్ళూరుపేటలో బస చేసి, మూడవనాడు ఉదయాన్నే శ్రీహరికోట రోడ్డు పట్టాము. సుమారు 18 కిలోమీటర్ల ఈ రోడ్డు సరస్సు గుండానే పోతుంది. రెండు వైపులా మోకాటిలోతు నీళ్ళు. అటకానితిప్ప దగ్గర కారు ఆపి దుర్భిణి పెట్టి చూస్తే, దూరాన తెల్లని గీత ఒకటి కనిపించింది. ఆ గీత కదిలింది! అవి ఫ్లెమింగోలు, వందలకొద్దీ. తల తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి తింటాయి. వాటి గులాబీ రంగు పుట్టుకతో వచ్చేది కాదు, తినే నాచులోనుండి, చిన్న రొయ్యలలోనుండి వచ్చేది. ఒక్కసారిగా లేచినప్పుడు రెక్కల కింది ఎరుపు, నలుపు చూసి మేమిద్దరమూ కొంతసేపు మాట్లాడలేదు. ఆ రోడ్డు చివరనే మన రాకెట్ల కేంద్రం. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు ఎగిరింది, 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరిందీ అక్కడి నుండే. అనుమతి లేనిదే లోపలికి పోనివ్వరు.

ఆ సాయంత్రం దొరవారిసత్రం దగ్గరి నేలపట్టుకు వెళ్ళాము. 1976 నుండి అది పక్షుల రక్షితకేంద్రం. చెరువులోని నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి ఉన్నాయి. ఆడా మగా వంతులవారీగా పొదుగుతాయి, వంతులవారీగా మేత తెస్తాయి. పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల దూర్చి చేపను అందుకుంటుంది. "వంతులు అంటే ఇవీ!" అని మాలో ఒకరు రెండవవారి వైపు తిరిగి అన్నారు. రెండవవారు దుర్భిణి దించలేదు. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువుతో సమానం. అందుకని చుట్టుపట్ల రైతులకు ఇవి అతిథులు కావు, పాలివాళ్ళు.

నాలుగవనాడు తడ దగ్గరి భీములవారిపాలెం పడవల రేవుకు వెళ్ళాము. ఇరకం దీవికి పోయే వారు అక్కడే పడవ ఎక్కుతారు. పడవాయన మా మాట విని, "ఏ ఊరు సామీ?" అని అడిగాడు. హొసూరు పక్కన తళి అన్నాము. "అది తమిళనాడు గదా! ఇంత తెలుగు ఎట్లా వచ్చింది?" అన్నాడు. తాతముత్తాతల నాటి నుండి ఉన్నదేనని చెప్పాము. అతడు నవ్వి, "మాది తిరగేసి, సామీ. ఉండేది ఆంధ్రలో. ఇంట్లో మాట మాత్రం వేరే" అన్నాడు. ఆ తీరపు పట్టపువారిలో తమిళానికి దగ్గరైన, తెలుగు కలిసిన ఇంటి మాట ఒకటి ఉన్నది. దానికి బడి లేదు, పుస్తకం లేదు. "మా పిల్లోళ్ళకు అర్థమవుతుంది, బదులు మాత్రం తెలుగులో చెప్తారు" అన్నాడు. ఆ మాట మాకు ఎక్కడో తగిలింది.

1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించినప్పుడు తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రలోకి వెళ్ళాయి. పొన్నేరి వైపూ అదే గీత, మన కృష్ణగిరి వైపూ అదే గీత. సరస్సు కూడా రెండు రాష్ట్రాలకు పంపకమైంది, ఎక్కువ భాగం ఆంధ్రలో, కొంత తమిళనాడులో. చేపకు ఆ గీత తెలియదు.

పడవాయన చెప్పిన మరొక కష్టం ముఖద్వారాల సంగతి. రాయదొరువు వంటి చోట్ల ఇసుక మేటలు వేసి సముద్రం దారి మూసుకుపోతుంది. అప్పుడు పోటునీరు లోపలికి రాదు, రొయ్యపిల్ల రాదు, ఎండాకాలానికి సరస్సు చాలామేర ఎండి నెర్రెలు విచ్చుతుంది. ఒకసారి తవ్వితే చాలదు, ఇసుక మళ్ళీ వస్తుంది, మళ్ళీ తవ్వాలి. పూడిక తీసే పని ఏ ఏటికాయేడు ఉండవలసిందే.

అయిదవనాడు నాయుడుపేట, వాకాడు మీదుగా తూపిలిపాలెం, ఆపైన నెల్లూరు దగ్గరి మైపాడు చూసుకుని, తిరుపతి, చిత్తూరు మీదుగా బాగా పొద్దుపోయి ఇల్లు చేరాము. మైపాడులో ఇసుక శుభ్రంగా ఉన్నది. అలలు మాత్రం లాగుతాయి, కాళ్ళు తడుపుకుంటే చాలు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా మంచి కాలం. దుర్భిణి తప్పనిసరి. పక్షుల దగ్గర కారు హారన్ మోగించవద్దు. పడవ ఎక్కితే తేలే చొక్కా లేనిదే ఎక్కవద్దు, ఎక్కువ మందిని ఎక్కించుకున్న పడవలో అసలే వద్దు. 2011 డిసెంబరు 25న ఈ సరస్సులోనే పడవ మునిగి 22 మంది పోయారు.

చివరిగా ఒక మనవి. 2006 చట్టం తరువాత మన పిల్లలందరూ బడిలో తమిళం నేరుస్తున్నారు. అది మంచిదే, ఉన్న ఊరి భాష రాకుంటే బతుకు లేదు. కానీ తెలుగు మాట్లాడుతూ కూడా తెలుగు అక్షరం చదవలేని పిల్లలు మన వీధుల్లోనే ఎందరో ఉన్నారు. తడ రాగానే అంగళ్ళ బోర్డులు, మైలురాళ్ళు తెలుగులోకి మారుతాయి. మాలో ఒకరు అక్కడి నుండి సూళ్ళూరుపేట దాకా బోర్డులన్నీ బిగ్గరగా చదువుతూనే ఉన్నారు, టీ అంగడి పేరు కూడా వదలలేదు. మొదటిసారి మీరిద్దరే వెళ్ళండి. రెండవసారి మనమలను, మనమరాళ్ళను వెంట తీసుకువెళ్ళి, ఆ బోర్డులు వాళ్ళ చేత చదివించండి. వెళ్ళడానికి నెల ముందు రోజుకు నాలుగు అక్షరాలు చొప్పున దిద్దిస్తే సరిపోతుంది. పలకా బలపమూ డెంకణికోట అంగళ్ళలో ఇంకా దొరుకుతున్నాయి.