రూపాయి ఇవ్వలేదు.. అయినా బ్యాంక్‌కు వేల కోట్ల నష్టం! ఈ 'హామీ'ల లెక్కేంటి?

బ్యాంక్ రిజల్ట్స్ రాగానే అందరూ చూసేది లాభం, మొండి బాకీలు. కానీ అసలు రిస్క్ ఒక్కోసారి బ్యాలెన్స్ షీట్ బయట ఉంటుంది.

ఓ కాంట్రాక్టర్‌కి రోడ్డు పని దక్కిందనుకుందాం. ప్రభుత్వం బ్యాంక్ గ్యారంటీ అడుగుతుంది. 'ఇతను పని చేయకపోతే మేం కడతాం' అని బ్యాంక్ రాసిస్తుంది. డబ్బు బయటకు వెళ్లలేదు కాబట్టి ఇది అప్పుల లెక్కలోకి రాదు. కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే మాత్రం బ్యాంకే కట్టాలి.

ఇలాంటి హామీలు అదుపు తప్పితే ఏమవుతుందో 2018లో పంజాబ్ నేషనల్ బ్యాంక్‌లో బయటపడింది. ముంబైలోని బ్రాడీ హౌస్ బ్రాంచ్ నుంచి నీరవ్ మోదీ, మెహుల్ చోక్సీ సంస్థలకు అక్రమంగా లెటర్స్ ఆఫ్ అండర్‌టేకింగ్, అంటే హామీ పత్రాలు ఇచ్చారన్నది సీబీఐ అభియోగం. వాటిని నమ్మి మన బ్యాంకుల విదేశీ బ్రాంచ్‌లు అప్పులిచ్చాయి. స్విఫ్ట్ ద్వారా మెసేజ్‌లు వెళ్లాయి.. కానీ అది కోర్ బ్యాంకింగ్‌తో లింక్ కాలేదు. దాంతో పుస్తకాల్లో ఎంట్రీనే లేదు!

ఈ దెబ్బ కూడా కలిసి 2018 జనవరి-మార్చిలో పీఎన్‌బీకి దాదాపు రూ.13,417 కోట్ల నష్టం. ఆ మార్చిలోనే ఆర్‌బీఐ ఈ పత్రాలను ఆపేసింది.

అలాగని గ్యారంటీలన్నీ ప్రమాదం కాదు. అవి లేకపోతే దిగుమతులు, కాంట్రాక్టులు నడవవు. ఎంత మార్జిన్ తీసుకున్నారు, లెక్కలో రాశారా అన్నదే పాయింట్.

బ్యాంక్ షేర్లు కొనేవాళ్లు వార్షిక నివేదికలో షెడ్యూల్ 12, 'కంటింజెంట్ లయబిలిటీస్' కూడా చూడాలి. అయితే ఒక్క మాట.. రాసిన హామీయే అక్కడ కనిపిస్తుంది. పీఎన్‌బీని ముంచింది రాయని హామీ!