‘మోర్ టాలర్’కు మూలం తెలుగులోనే ఉంది

‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ పాఠం మన బడుల్లో వల్లెవేతతో మొదలవుతుంది: టాల్, టాలర్, టాలెస్ట్, గుడ్, బెటర్, బెస్ట్. ఆ వెంటనే బోర్డు మీదికి మూడు వాక్యాలు ఎక్కుతాయి. హైదరాబాద్ ‘వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ సిటీస్’ అని సూపర్లేటివ్‌లో ఒకటి, ‘బిగ్గర్ దాన్ మోస్ట్ అదర్ సిటీస్’ అని కంపారిటివ్‌లో ఒకటి, ‘వెరీ ఫ్యూ సిటీస్ ఆర్ యాజ్ బిగ్ యాజ్ హైదరాబాద్’ అని పాజిటివ్‌లో ఒకటి. ఒకదాన్ని మరొకదానిలోకి మార్చమనడమే పరీక్షలో ప్రశ్న. ఈ మార్పిడిలో పూర్తి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు కూడా నోరు విప్పితే ‘హి ఈజ్ మోర్ టాలర్ దాన్ మీ’ అంటాడు, లేకపోతే ‘హి ఈజ్ టాల్ దాన్ మీ’ అంటాడు. అశ్రద్ధ అని కొట్టిపారేస్తాం. కానీ ఆ తప్పుకు ఒక పద్ధతి ఉంది. అది తెలుగు వ్యాకరణంలోంచి వస్తోంది. అలాంటప్పుడు ఈ పాఠాన్ని తెలుగులోంచే మొదలుపెట్టాలి.

తెలుగులో పోల్చేటప్పుడు విశేషణం కదలదు. రవి పొడుగు, రవి కంటే కృష్ణ పొడుగు, క్లాసులో అందరికంటే కృష్ణ పొడుగు: మూడు చోట్లా పొడుగు పొడుగే. పోలిక భారమంతా పక్కనున్న పేరు మోస్తుంది. అందుకే మన వ్యాకరణం కంటెన్ అనే దాన్ని విభక్తుల్లో చేర్చింది. వలనన్, కంటెన్, పట్టి అని పంచమీ విభక్తి కింద అందరం చదువుకున్నదే. ఇంగ్లిష్ అలా కాకుండా రెండు చోట్ల గుర్తు పెడుతుంది. పేరుకు ముందు ‘దాన్’ రావాలి, విశేషణం చివర ‘ఇ-ఆర్’ కూడా చేరాలి. తెలుగు పిల్లవాడికి ‘కంటే’కు సరిపడా ‘దాన్’ దొరకగానే పని అయిపోయినట్టే. ‘టాల్ దాన్ మీ’ అలా పుట్టింది. ఇక ‘ఇంకా పొడుగు’, ‘ఇంకొంచెం పొడుగు’ అని మనం రోజూ అనే మాటల్లోని ‘ఇంకా’ వెళ్లి ‘మోర్’ రూపంలో ‘టాలర్’ ముందు కూర్చుంటుంది. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకూ ఇదే ఇబ్బంది, ఎందుకంటే వాళ్ల ‘సే’ కూడా మన ‘కంటే’ లాగే పేరును పట్టుకుని ఉంటుంది, విశేషణాన్ని ముట్టుకోదు. ఈ తేడాను ఒక్కసారి బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే పిల్లలకు తాము ఎక్కడ జారుతున్నారో కనిపిస్తుంది. నియమాన్ని పదిసార్లు చెప్పించినా అది కనిపించదు.

రెండు గుర్తులు కలిపేయడం తెలివితక్కువతనం కాదని ఇంగ్లిష్ చరిత్రే చెబుతుంది. పాత ఇంగ్లిష్‌లో చివర ప్రత్యయం చేర్చడమే ప్రధాన పద్ధతి. ముందు ‘మోర్’, ‘మోస్ట్’ పెట్టడం తర్వాతి శతాబ్దాల్లో బలపడింది. రెండూ పక్కపక్కన నడిచిన కాలంలో రెండింటినీ కలిపి వాడటం తప్పు కాలేదు. షేక్‌స్పియర్ నాటకాల్లో అలాంటి జంట రూపాలు చాలానే ఉన్నాయి. తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో తెచ్చిన వ్యాకరణం లాంటివి వాటిని తప్పుల పట్టికలోకి నెట్టాయి. అయినా ‘లెస్’ అనే తారతమ్య రూపానికి మళ్లీ ‘ఇ-ఆర్’ తగిలించిన ‘లెస్సర్’ నేటికీ మర్యాదగానే బతుకుతోంది. మన వైపు చూసుకున్నా అంతే. ‘ఉత్తమ’లో ‘తమ’ ఉండనే ఉంది, అయినా ‘అత్యుత్తమ’ అంటాం. ‘శ్రేష్ఠ’ అప్పటికే అన్నిటికంటే మేలైనదని చెబుతుంది, అయినా యజుర్వేదం తొలి మంత్రంలోనే ‘శ్రేష్ఠతమ’ ఉంది. ఇంకో ముచ్చట. సంస్కృతంలోని ‘ఇష్ఠ’, ఇంగ్లిష్‌లోని ‘ఎస్ట్’ ఒకే మూలభాష నుంచి వచ్చిన తోబుట్టువులు. వాతావరణ వార్తల్లో రోజూ చదివే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు ఇంగ్లిష్ ‘హయ్యెస్ట్’, ‘లోయెస్ట్’ లాగే కట్టిన మాటలు. ఇది తెలిసిన పిల్లకు సూపర్లేటివ్ పరాయి వస్తువు కాదు.

ఎక్కడ ‘ఇ-ఆర్’, ఎక్కడ ‘మోర్’ అన్న చిక్కుకూ తెలుగు క్లాసులోనే తాళంచెవి ఉంది. ఆ నియమం సిలబుల్స్ లెక్క మీద నడుస్తుంది. ఒక్క సిలబుల్ ఉంటే ‘ఇ-ఆర్’, మూడు ఆపైన ఉంటే ‘మోర్’, రెండుంటే మాటను బట్టి. సిలబుల్ అంటే ఏమిటో తెలియక పిల్లలు అక్షరాలు లెక్కపెడతారు. పద్యానికి గురులఘువులు గుర్తించి గణవిభజన చేసే హైస్కూలు పిల్లలకు ఇది కొత్త విద్యేమీ కాదు. పొల్లు హల్లు ముందు అక్షరంతో కలిసిపోతుందని వాళ్లకు తెలుసు. కాబట్టి ‘స్మార్ట్’ ఒకటే, ‘హ్యా-పీ’ రెండు, ‘ఇం-టె-లి-జెంట్’ నాలుగు. రెండున్న చోట ‘క్లెవరర్’, ‘మోర్ క్లెవర్’ రెండూ చెల్లుతాయి. ఒకదాన్ని కొట్టేసి మార్కు కోయడం అన్యాయం.

తెలుగు తెస్తే పిల్లలు తర్జుమా చేసుకుంటూ మాట్లాడతారని కొందరు టీచర్ల భయం. భయం నిజమైనదే, కానీ ఆ తర్జుమా ఇప్పటికే చాటుగా జరుగుతోంది. ‘మోర్ టాలర్’ దాని ఫలితమే. చాటున ఉన్నదాన్ని బయటపెట్టి సరిదిద్దడం తేలిక. పైగా ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో అచ్చువేశాయి. సైన్సుకు చెల్లిన ఆసరా ఇంగ్లిష్ వ్యాకరణానికి ఎందుకు చెల్లదు?

మార్పిడి ప్రశ్నలు బుర్రకు పదును పెడతాయన్నది రెండో అభ్యంతరం. కొంత నిజమే, వాక్యాన్ని తిప్పి చెప్పడం ఒక నేర్పు. అయితే ఆ ప్రశ్నలు మూడు వాక్యాలకూ అర్థం ఒకటేనని నేర్పుతున్నాయి. ‘రవి కంటే కృష్ణ పొడుగు’ అంటే మాట కృష్ణ గురించి. ‘రవి కృష్ణంత పొడుగు కాదు’ అంటే మాట రవి గురించి, చిన్నబుచ్చుకునేదీ రవే. తెలుగులో ఏడేళ్ల పిల్లకు ఈ తేడా తెలుసు. ఇంగ్లిష్ పరీక్షలో దాన్ని చెరిపేస్తున్నాం. దానికి బదులు రైతుబజారు బోర్డును ప్రశ్నపత్రంలోకి తేవచ్చు. టమాటా, వంకాయ, బెండకాయ ధరలు మూడు ఇచ్చి, ఇంట్లో అమ్మకు ఏది కొనమంటావో, ఎందుకో మూడు వాక్యాల్లో రాయమనాలి. ‘చీపర్’ ఎక్కడ కావాలో, ‘చీపెస్ట్’ ఎక్కడ కావాలో, ‘యాజ్ చీప్ యాజ్’ ఎక్కడ సరిపోతుందో ఆ పిల్ల ధరలు చూసి తేల్చుకుంటుంది.