అండమాన్‌కి బఫర్ అక్కర్లేదా?

మన సాఫ్ట్‌వేర్ జనాల అండమాన్ ప్లాన్లు చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. దీపావళి సెలవు, పక్కనే శని ఆదివారాలు... ఇంకేం, టికెట్లు కొనెయ్యడమే! మా నెల్లికుదురులో రైతు కార్తె చూడకుండా గింజ వెయ్యడు. మనం మాత్రం హెచ్చార్ క్యాలెండర్ చూసి సముద్రం మీదికి బయల్దేరతాం.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలమండీ బాబూ! 2016 డిసెంబర్‌లో ఫెర్రీలు ఆగిపోయి హేవలాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్ళాల్సొచ్చింది.

అయినా మన ప్లానేంటి? పొద్దున హేవలాక్‌లో ఫెర్రీ, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం)లో ఫ్లైటు, చెన్నైలో గంటన్నర తేడాతో ఇంకోటి. అదీ వేరే టికెట్ మీద! మొదటిది లేటైతే రెండోవాడికేం పట్టింది? ప్రాజెక్టులో ఒక్కరోజు బఫర్ ఇవ్వకపోతే మేనేజర్‌ని తిట్టిపోసేది మనమే కదా?

"ఉన్నవే నాలుగు రోజులు, బఫర్ ఎక్కణ్ణుంచి తేవాలి?" అంటారా? ఒక దీవి తగ్గించుకోండి. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. జనవరి, మార్చిల మధ్య వెళ్ళండి. పొద్దున్నే దిగే ఫ్లైటే చూసుకోండి, చలికాలంలో అక్కడ సాయంత్రం ఐదు దాటితే పొద్దు గూకుతుంది.

ఊర్నుంచి అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మరీ జాగ్రత్త. రాత్రంతా ప్రయాణం చేయించి తెల్లారుజామున విమానం ఎక్కించకండి. హైదరాబాద్‌లో ఓ రాత్రి పడుకోనివ్వండి. మనం మిగుల్చుకునే ఒక్క లీవు కోసం వాళ్ళ మోకాళ్ళని పణంగా పెట్టడం ఏం తెలివి?