ఇంటింటి విజ్ఞానం: చల్లని తేనీరు

వేసవి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరిన ఉద్యోగి మొట్టమొదట వెదికేది చల్లనిదేదైనా ఒకటి. బాయిలరు ప్రక్కన, స్విచ్‌యార్డులో, ఎండకు కాగిన ట్యాంకుల నడుమ ఎనిమిది గంటలు గడిపిన శరీరానికి దాహం తప్ప మరొకటి తోచదు. చేతికందిన రంగు సీసాలో ఏమున్నదో విచారించే ఓపిక ఆ సమయంలో ఎవరికీ ఉండదు. సాధారణ కోలా పానీయంలో 100 మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 300 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి ముగిస్తే 30 గ్రాములు దాటినట్లే. పెద్దవారు రోజు మొత్తం మీద అదనంగా తీసుకునే చక్కెర సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మన దేశంలో మధుమేహ పీడితులు దాదాపు 10 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో వెల్లడించింది. కనుక దాహం తీర్చుకునే తీరును గురించి ఒకసారి ఆలోచించడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఇందుకు మేము సూచించేది పుదీనా, తులసి, నిమ్మలతో ఇంట్లోనే తయారుచేసుకునే చల్లని తేనీరు. ఇది మన తేయాకుకు కొత్త వేషమేమీ కాదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర ప్రపంచ ప్రదర్శనలో భారతీయ తేయాకు ప్రచారానికి వెళ్ళిన రిచర్డ్ బ్లెచిండెన్ మంచు వేసిన తేనీటిని విశేషంగా ప్రచారం చేశారు. ఆయనే దీనిని కనిపెట్టారని కొందరంటారు గాని, 1879లో వెలువడిన వర్జీనియా వంటల పుస్తకంలోనే ఈ పానీయం ఉన్నది. నేడు బజారులో దొరికే ఐస్ టీ పొడులలో అనేకం ప్రధానంగా చక్కెరే. ఇంటి తయారీలో చక్కెర పాలు మన చేతిలో ఉంటుంది.

తయారీకంతటికీ సూత్రం ఒక్కటే: గట్టి దినుసు ముందు, ఆకు తరువాత, రసం చివర. ఒక్కొక్క పదార్థం తన సారాన్ని వదిలే వేడి వేరు. ఆ సారం ఎగిరిపోయే వేడి కూడా వేరు. అల్లం, నిమ్మగడ్డి గట్టివి. నీటితో పాటు ఐదు నిమిషాలు మరిగితే గాని లొంగవు. పుదీనా, తులసి సుకుమారమైనవి. మరిగిస్తే వాటి పరిమళం ఆవిరితో పోయి పసరు వాసన మిగులుతుంది. నిమ్మరసానికి వేడి అసలే పనికిరాదు. వేడికి దాని సువాసన చెదరడమే గాక ‘సి’ విటమిను కూడా తగ్గుతుంది.

ఐదు గ్లాసులకు కొలతలు ఇవి. అర లీటరు నీటిలో చిన్న అల్లం ముక్కను, రెండు నిమ్మగడ్డి రెబ్బలను మరిగించి దించండి. 10 గ్రాముల తేయాకు వేసి మూత పెట్టి నాలుగు నిమిషాలు ఉంచండి. వడకట్టేటప్పుడు ఆకును పిండవద్దు. పిండితే వగరు దిగుతుంది. 40 గ్రాముల చక్కెరను వేడిలోనే కరిగించండి, చల్లని నీటిలో అది కరగడానికి చాలా సేపు పడుతుంది. వేడి కొంత తగ్గాక కడిగిన పుదీనా ఆకులు పది పన్నెండు, తులసి ఆకులు నాలుగైదు నలిపి వేసి, పది నిమిషాల తరువాత తీసివేయండి. గిన్నెను నీళ్ళ పళ్ళెంలో ఉంచితే డికాక్షన్ త్వరగా చల్లారుతుంది. అప్పుడు పావు లీటరు మంచినీరు, రెండు కాయల నిమ్మరసం, చివరగా మంచు కలపండి. గ్లాసుకు 8 గ్రాముల చక్కెర పడుతుంది. అలవాటైన కొద్దీ దానిని సగానికి తగ్గించవచ్చు.

చల్లార్చిన పిమ్మటే మంచు వేయమనడానికి లెక్క ఉన్నది. ఒక గ్రాము మంచు కరగడానికి 80 క్యాలరీల వేడి కావాలి. 30 డిగ్రీలకు చల్లారిన ముప్పావు లీటరు తేనీటిని 5 డిగ్రీలకు తేవడానికి సుమారు 220 గ్రాముల మంచు చాలును. అదే డికాక్షన్ 90 డిగ్రీల వద్ద ఉండగానే మంచు వేస్తే సుమారు 570 గ్రాములు కావాలి. మంచు రెండున్నర రెట్లు ఖర్చగుటయే గాక, కరిగిన నీటితో రుచి పలచబడుతుంది. వేడి ద్రవాన్ని చల్లని గాజు పాత్రలో పోస్తే అది పగిలే ప్రమాదం కూడా ఉన్నది.

చిక్కని డికాక్షన్‌ను ఫ్రిజ్‌లో పెడితే మబ్బు పట్టినట్లు కనిపించవచ్చు. తేయాకులోని కెఫీన్, వగరు పదార్థాలు చల్లదనానికి ఒకటై సన్నని రేణువులుగా ఏర్పడటమే ఇందుకు కారణం. అది చెడిపోయినట్లు కాదు. కొంచెం మరిగిన నీరు కలిపితే తేటపడుతుంది. నీలగిరి ఆకు తేనీరు చల్లబడినా తేటగా నిలుస్తుందని పేరు. నిమ్మరసం పడగానే రంగు లేతబడటం ఆమ్లం ప్రభావం. పులుపుగల పానీయం కనుక స్టీలు లేదా గాజు పాత్రలే శ్రేయస్కరం.

శుభ్రత విషయంలో రాజీ తగదు. కాచి చల్లార్చిన నీటితోనే మంచు చేసుకోండి. చేపల రవాణాకు తయారయ్యే దిమ్మె మంచు తాగేందుకు ఉద్దేశించినది కాదు. తేయాకు నీటి సీసాను ఎండలో పెట్టి సారం దించే పద్ధతి కూడా మంచిది కాదు. ఆ గోరువెచ్చదనం క్రిములను చంపదు సరికదా, పెంచుతుంది. తయారైన పానీయాన్ని ఫ్రిజ్‌లో ఉంచి ఆనాడే వాడుకోవడం క్షేమం.

మరి రెండు హెచ్చరికలు. తేయాకులోని వగరు పదార్థాలు శాకాహారంలోని ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. కనుక భోజనానికి, తేనీటికి నడుమ కనీసం గంట వ్యవధి ఉంచండి. భోజనంలోకి నిమ్మరసం పిండుకుంటే మాత్రం ఇనుము బాగా ఒంటబడుతుంది.

రెండవది అతి ముఖ్యము. చల్లని తేనీరు సేదదీర్చే పానీయమే గాని వడదెబ్బకు చికిత్స కాదు. విపరీతంగా చెమట పట్టి నీరసించినవారికి కావలసినది ఓఆర్ఎస్ ద్రావణం. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా, స్పృహ తప్పుతున్నా నోట ఏమీ పోయకుండా నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు చల్లి విసరుతూ, తక్షణం ఆస్పత్రికి తరలించవలెను. ఆ సమయంలో జాప్యం ప్రాణాంతకం.

ఈ వేసవిలో ఇంటికి వచ్చిన అతిథికి రంగు సీసాకు బదులు ఈ గ్లాసును అందించి చూడండి. మీ పెరటి తులసి, మీ ఊరి నిమ్మ అందులో ఉన్నాయని చెప్పుకోవడం మీకు తృప్తి, తాగినవారికి మేలు.